తక్కెడలో తూగిన ‘మొఘల్-ఎ-ఆజం’

అక్బరు కొలువులో మనిషిని మించిన ఎత్తున తక్కెడ ఒకటి ఉంటుంది. పాదుషా దాని పక్కన నిలబడి న్యాయం చెబుతాడు. ఒక పళ్లెంలో దాసీపిల్ల అనార్కలి, ఇంకో పళ్లెంలో లేక లేక పుట్టిన కొడుకు సలీం. ముల్లు ఎటు మొగ్గుతుందన్నదే ‘మొఘల్-ఎ-ఆజం’ కథ. చిత్రమేమిటంటే, ఈ సినిమా గురించి చెప్పుకునే వింతలన్నిటినీ అదే తక్కెడలో వేసి చూడొచ్చు. ఒక పక్క పాదుషా దర్జా, ఇంకో పక్క పనివాళ్ల చెమట.

సెట్టు వేసేలోగా...

లాహోరు రచయిత ఇంతియాజ్ అలీ తాజ్ 1922లో రాసిన ‘అనార్కలి’ నాటకమే దీనికి మూలం. కె. ఆసిఫ్ 1940ల నడుమే దీన్ని మొదలుపెట్టాడు. అప్పటి అనార్కలి నర్గీస్, సలీం సప్రూ, అక్బరు చంద్రమోహన్. దేశ విభజనతో నిర్మాత షిరాజ్ అలీ హకీం పాకిస్తాన్ వెళ్లిపోయాడు. 1949లో చంద్రమోహన్ కన్నుమూశాడు. తీసిన రీళ్లు పక్కన పడేసి, భవన నిర్మాణాల వ్యాపారి షాపూర్‌జీ పల్లోంజీ డబ్బుతో ఆసిఫ్ మళ్లీ మొదటికొచ్చాడు. మొదటి విడతలో సలీం వేషానికి పనికిరాడని పంపేసిన కుర్రాడినే ఈసారి సలీంగా పెట్టుకున్నాడు. ఆ కుర్రాడు దిలీప్ కుమార్. అనార్కలి మధుబాల, అక్బరు పృథ్వీరాజ్ కపూర్.

సినిమా 1960లో విడుదలైంది. ఈలోపు 1953లో బీనా రాయ్ ‘అనార్కలి’ హిందీలో దుమ్ము దులిపింది. 1955లో మన తెలుగు ‘అనార్కలి’ వచ్చింది. అంజలీదేవి అనార్కలి, అక్కినేని సలీం, ఎస్వీ రంగారావు అక్బరు. ఆసిఫ్ సెట్టు వేసేలోగా మనవాళ్లు సినిమా తీసి, ఆడించి, లెక్కలు కూడా చూసేసుకున్నారు.

అనార్కలే అత్తగారు

మూకీల నాటి తార సులోచన 1928లో అనార్కలిగా వేసింది. టాకీ వచ్చాక 1935లో మళ్లీ ఆ వేషమే కట్టింది. 1953 సినిమాకు వచ్చేసరికి సలీం తల్లి జోధాబాయి అయింది. అంటే కాబోయి కాలేకపోయిన అత్తగారన్నమాట.

మన దగ్గర ఇంకో ముచ్చట. ఎన్టీఆర్ స్వీయ దర్శకత్వంలో ‘అక్బర్ సలీం అనార్కలి’ తీసి తాను అక్బరయ్యాడు, కొడుకు బాలకృష్ణను సలీంను చేశాడు. సంగీతం సి. రామచంద్రది. 1953 హిందీ ‘అనార్కలి’కి బాణీలు కట్టిందీ ఆయనే.

అద్దాల మేడ, మసక వెలుగు

బొంబాయి మోహన్ స్టూడియోలో వేసిన షీష్ మహల్ సెట్టు 150 అడుగుల పొడవు, 80 అడుగుల వెడల్పు, 35 అడుగుల ఎత్తు. అద్దాలు బెల్జియం నుంచి, అతికే పనివాళ్లు ఫిరోజాబాద్ నుంచి వచ్చారు. రెండేళ్ల కాలం, 15 లక్షల రూపాయలు దానికే పోయాయి. ఆ డబ్బుతో అప్పట్లో ఓ సినిమా తీసి ఇంకా చేతిలో మిగుల్చుకోవచ్చు.

తీరా దీపాలు వెలిగిస్తే కళ్లు బైర్లు కమ్మాయి. వేల అద్దాల ముక్కల్లో వేల దీపాలు. ఎటు తిప్పినా కెమెరాకు మెరుపే తప్ప మనిషి కనిపించదు. ఇక్కడ షూటింగు జరిగే పని కాదని చూసినవాళ్లు తేల్చేశారు. ఛాయాగ్రాహకుడు ఆర్.డి. మాథుర్ మాత్రం దీపాల ముఖం తిప్పేశాడు. సెట్టు మీదికి నేరుగా వెలుగు వేయకుండా రిఫ్లెక్టర్ల మీద వేసి, అక్కణ్నుంచి జారి వచ్చే మెత్తని కాంతితో చిత్రీకరించాడు. మరీ మెరిసే చోట గుడ్డపీలికలు అడ్డం పెట్టాడు. పైకప్పులోని ప్రతి అద్దంలోనూ ఓ మధుబాల తిరుగుతుంటే అక్బరు తలెత్తి చూస్తాడే, ఆ షాటు అలా పుట్టింది.

షీష్ మహల్ పాటలో గిరగిరా తిరిగిన నర్తకి అన్ని షాట్లలోనూ మధుబాల కాదు. గుండెలో రంధ్రం ఉన్న మనిషి, అంతసేపు తిరగలేదు. శిల్పి బి.ఆర్. ఖేద్కర్ ఆమె ముఖాన్ని పోలిన మాస్కు చేసిచ్చాడు. అది తగిలించుకుని లక్ష్మీనారాయణ్ అనే మగ నర్తకుడు కొన్ని దూరపు షాట్లలో ఆడాడు. పాదుషా కొలువునే ధిక్కరించిన దాసి నాట్యంలో పేరు పడని కాళ్లు కూడా ఉన్నాయి.

పాటకు పాతిక వేలు

సినిమాలో అక్బరు కొలువు గాయకుడు తాన్‌సేన్ గొంతుకు బడే గులాం అలీఖాన్ తప్ప ఇంకొకరు వద్దన్నాడు ఆసిఫ్. ఉస్తాదుకు సినిమాలంటే చిన్నచూపు. ఎలాగైనా వదిలించుకుందామని పాటకు 25 వేలు అడిగాడు. లతకూ రఫీకీ పాటకు వందల్లో ముడుతున్న రోజులవి. ఆసిఫ్ మారు మాట్లాడకుండా సరేనన్నాడు.

ఇంకో పాటలో రఫీ వెనక 100 మంది కోరస్. పాదుషాకు ఎదురు తిరిగే పాట కదా, జనం గొంతు లేకపోతే ఎలా?

నగలు మన హైదరాబాదువే

దుస్తులు కుట్టింది ఢిల్లీ దర్జీలు. అల్లిక పని సూరత్‌వాళ్లది, కిరీటాలు కొల్హాపూర్ పనివాళ్లవి, ఆయుధాలు రాజస్థాన్ కమ్మరులవి, చెప్పులు ఆగ్రావి. నగలు మాత్రం హైదరాబాద్ కంసాలుల చేతుల్లో తయారయ్యాయి.

సినిమాలో యుద్ధ దృశ్యానికి 2 వేల ఒంటెలు, 400 గుర్రాలు, 8 వేల మంది సైనికులు. వాళ్లలో ఎక్కువమంది సైన్యం నుంచి అరువొచ్చిన అసలు జవాన్లే. ఇంత ఆర్భాటం చేసిన ఆసిఫ్ తాను మాత్రం చాప మీద పడుకునేవాడని, టాక్సీల్లో తిరిగేవాడని చెప్పుకునేవారు.

బొబ్బలు, సంకెళ్లు

పృథ్వీరాజ్ కపూర్ ప్రతి షాటుకు ముందూ నిలువుటద్దంలో తనను తాను చూసుకుని, లోపలి మనిషి పాదుషా అయ్యాకే కెమెరా ముందుకొచ్చేవాడట. సంతానం కోసం మొక్కుకుని అక్బరు ఎడారిలో కాలినడకన వెళ్లే దృశ్యంలో మండే ఇసుకలో చెప్పుల్లేకుండా నడిచి అరికాళ్లు బొబ్బలెక్కించుకున్నాడు.

మధుబాలకు వేసినవి ఉత్తుత్తి గొలుసులు కావు, నిజమైన ఇనుప సంకెళ్లు. అవి ఒరుసుకుని ఒంటికి గాయాలయ్యేవి. 1969లో, 36 ఏళ్లకే ఆమె కన్నుమూసింది.

ఒక ఈక, ఒక పెళ్లి

సలీం ఈకతో అనార్కలి ముఖాన్ని నిమిరే దృశ్యం హిందీ సినిమా ప్రణయానికి పరాకాష్ఠ అంటారు. అది తీసేనాటికి ఆ ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే పలకరింపు కూడా లేదని దిలీప్ కుమార్ ఆత్మకథలో రాసుకున్నాడు. ప్రేమకు మధుబాల తండ్రి అడ్డు. పైగా 1957లో ‘నయా దౌర్’ సినిమా విషయంలో మధుబాలకూ నిర్మాతకూ గొడవ కోర్టుకెక్కితే దిలీప్ అవతలి పక్షాన సాక్ష్యం చెప్పాడు.

ఇక్కడితో అయిపోలేదు. ఆసిఫ్ దిలీప్ చెల్లెలు అఖ్తర్‌ను పెళ్లాడాడు. అన్నకు అది మింగుడు పడలేదు. సినిమా మొదటి ఆటకు హీరోయే రాలేదు! తెర మీద తండ్రి ఒప్పుకోని ప్రేమ, తెర వెనక అన్న ఒప్పుకోని పెళ్లి.

ఏనుగెక్కిన రీళ్లు

1960 ఆగస్టు 5న దేశంలో 150 హాళ్లలో ఒకేసారి విడుదల. అప్పటికి అదే రికార్డు. బొంబాయి మరాఠా మందిర్‌కు రీళ్లు ముస్తాబు చేసిన ఏనుగు మీద ఊరేగి వచ్చాయి. బయట టికెట్ల కోసం జనం రోజుల తరబడి వరసల్లోనే తిని, వరసల్లోనే పడుకున్నారు. వసూళ్లలో దీన్ని కొట్టే సినిమా 15 ఏళ్లదాకా రాలేదు. 1975లో వచ్చిన దాని పేరు ‘షోలే’.

తమిళంలో ‘అక్బర్’గా 1961లో వెళ్లి బోల్తా కొట్టింది. దాంతో ఇంగ్లీషులో కూడా తెద్దామన్న ముచ్చట మానుకున్నారు. ఫిలింఫేర్‌లో ఉత్తమ చిత్రం సహా మూడు వచ్చాయి గానీ ఉత్తమ నటి మధుబాల కాలేదు. ‘ఘూంఘట్’కు బీనా రాయ్ ఎగరేసుకుపోయింది. ఒక అనార్కలి చేతిలో ఇంకో అనార్కలి ఓడిపోయింది.

44 ఏళ్లకు పూర్తయిన రంగు

షీష్ మహల్ పాటా, చివరి రీళ్లు కొన్నీ మాత్రమే రంగుల్లో తీశారు. వాటిని చూసి ఆసిఫ్ మొత్తం మళ్లీ తీస్తానన్నాడు. పంపిణీదారులు దణ్ణం పెట్టారు. ఆయన 1971లో పోయాడు. 2004 నవంబరు 12న సినిమా పూర్తి రంగుల్లో హాళ్లకొచ్చింది.

చివరి తూకం

కథలో సలీం పుట్టిన కబురు మోసుకొచ్చింది ఓ దాసి, అనార్కలి తల్లి. ఆ సంబరంలో అక్బరు వేలి ఉంగరం తీసిచ్చి, ఏది కావాలన్నా ఎప్పుడైనా అడగమంటాడు. ఏళ్ల తర్వాత అనార్కలిని సమాధి చేయబోతుంటే ఆ తల్లి ఉంగరం తెచ్చి బిడ్డ ప్రాణం అడుగుతుంది. పాదుషా మాట తప్పడు. తల్లీబిడ్డలను సొరంగంలోంచి పంపేస్తాడు. సలీంకు మాత్రం ఆమె చచ్చిపోయిందనే తెలియాలి. ప్రాణం దక్కింది, పేరు దక్కలేదు.

చరిత్రలోనూ అంతే. ‘అక్బర్‌నామా’లో అనార్కలి ఊసు లేదు, సలీం జహంగీర్ అయ్యాక స్వయంగా రాసుకున్న ఆత్మకథలోనూ లేదు. లాహోరులో ఆమెదని జనం నమ్మే సమాధి మాత్రం ఉంది. పాలరాతి మీద దేవుడి 99 నామాలున్నాయి, ఆమె పేరు లేదు. ఆ కట్టడంలో ఇప్పుడు నడుస్తున్నది పాకిస్తాన్ పంజాబ్ ప్రభుత్వ పాత దస్తావేజుల భాండాగారం. ఆ రెండు పుస్తకాలకూ ఎక్కని పిల్ల చుట్టూ గోడల నిండా దస్తావేజులే.