ఒకే బల్లపై రెండు కంప్యూటరులు

ఇంట తెలుగు పలుకుచు, బడిలో కన్నడము చదువుచు పెరుగుట కర్ణాటకలోని బాగేపల్లి, చింతామణి సీమలలో అనేకులకు పుట్టుకతో వచ్చిన సంపద. ఆ సీమకే చెంది, కైవార తాతయ్యగా పేరొందిన యోగి నారేయణుడు సైతము ఈ రెండు భాషలయందును రచనలు గావించెను. అట్టి యింట నేడు బెంగుళూరు కొలువునకు సంబంధించిన లాప్‌టాపు ఒకటియు, స్వంత కంప్యూటరు మరియొకటియు ఒకే బల్లపై చేరినపుడు, రెండు మానిటరులకు, రెండు కీబోర్డులకు చోటు చాలక, మాటిమాటికి తీగలు ఊడదీసి తగిలించుకొనుచుండుటవలన రంధ్రములు వదులగుటయు, పనిలో ఏకాగ్రత చెడుటయు సంభవించును. ఈ ఇబ్బందిని బాపునది కేవీఎమ్ స్విచ్.

కీబోర్డు, వీడియో, మౌసు అను మూడింటి ఆంగ్ల ఆద్యక్షరములే దాని పేరు. చెరువు నీరు ఒక మడిలో పారుచుండగా రైతు మడవ కట్టి మరియొక మడికి మళ్ళించు విధమున, ఈ చిన్న పెట్టె బటను నొక్కినంతనే ఆ మూడింటిని ఒక కంప్యూటరునుండి మరొకదానికి మళ్ళించును. కంప్యూటరులు మాత్రము ఎప్పటివలె వేరువేరుగనే యుండును; పెట్టె తనంతట ఏ ఫైలును ఇటునుండి అటు మోయదు.

కొనువారు మొట్టమొదట అడుగునది ఎన్ని కంప్యూటరులను తగిలింపవచ్చునని. నా దృష్టిలో ముందు చూడవలసినది బొమ్మ. 3840 × 2160 చుక్కల ఫోర్‌కే మానిటరు గలవారు హెచ్‌డీఎంఐ 1.4 తరగతి స్విచ్‌ను తెచ్చుకొన్నచో, ఆ పూర్తి కొలతలో సెకనుకు 30 చిత్రములకు మించి రావు. మౌసు బాణము ఈడ్చుకొనిపోవుచున్నట్లు తోచును. 60 చిత్రములు కావలెనన్న, సెకనుకు 18 గిగాబిట్లు పారగల 2.0 తరగతి అవసరము. 1920 × 1080 మానిటరు గలవారికి ఆ చింత లేదు. లాప్‌టాపునకు టైప్-సి రంధ్రము మాత్రమే యున్నచో, అది బొమ్మను పంపగలదో లేదో ముందే విచారింపవలెను, అన్నియు పంపజాలవు.

దీనికంటె సూక్ష్మమైన విషయ మొకటి కలదు. మానిటరు తన కొలతలను, తన శక్తిని తెలుపు చిన్న పరిచయపత్రమును కంప్యూటరునకు అందించును. దానిని ఈడీఐడీ అందురు. స్విచ్ మార్చినపుడు ఆ సంబంధము తెగినచో, వెనుక నిలిచిన కంప్యూటరు తనకు మానిటరే లేదని భావించి, మనము ఓపికతో అమర్చుకొన్న విండోలన్నిటిని చెదరగొట్టును. కావున ఆ పత్రమును తనయందు నిలుపుకొని రెండు కంప్యూటరులకును నిరంతరము చూపుచుండు స్విచ్, వెల కొంత హెచ్చైనను, కొనదగినది. ఈడీఐడీ ఎమ్యులేషన్ అను మాటను వివరములలో వెదకుడు.

కీబోర్డు సంగతి ఈ సీమవారికి మరింత ప్రీతికరము. కీబోర్డు అక్షరములను పంపదు. ఏ మీట నొక్కబడినదో ఆ సంకేతమును మాత్రమే పంపును, అక్షరమును నిర్ణయించునది కంప్యూటరు. భారతీయ లిపులకు ఉమ్మడి అమరికయై, 1991 నాటి ఐఎస్ 13194 ప్రమాణమున చోటుచేసుకొన్న ఇన్‌స్క్రిప్టును రెండింటను పెట్టుకొన్నచో, ఆంగ్ల కె మీట ఒకదానిలో తెలుగు ‘క’ యై, స్విచ్ మార్చగానే రెండవదానిలో కన్నడ ‘ಕ’ యగును. వ్రేళ్ళు క్రొత్తగా నేర్వవలసిన దేమియు లేదు. స్క్రోల్ లాక్‌ను రెండుమార్లు నొక్కగా మారు స్విచ్‌లును కలవు. ఆ మీట లేని చిన్న కీబోర్డు గలవారు పెట్టెపై బటనున్నదో లేదో చూచుకొనవలెను.

మానిటరునకే రెండు వీడియో రంధ్రములున్నచో, కంప్యూటరులను నేరుగా దానికి తగిలించి, కీబోర్డు మౌసుల కొరకు యూఎస్‌బీ స్విచ్ మాత్రమే కొనవచ్చును. బొమ్మకు నడుమ ఏ పెట్టెయు అడ్డురాదు, ఖర్చును తక్కువ. దినమునకు రెండు మూడుమార్లు మార్చువారికి నేనిదే సూచింతును. గంటకు పదిమార్లు మార్చువారు మాత్రము ప్రతిసారి బొమ్మను మార్చు మానిటరు బటనును గూడ వెదకుకొనుటకు విసుగు చెందుదురు.

ఏది కొన్నను, వీలైనచో మీ లాప్‌టాపును, మీ కీబోర్డునే అంగడికి గొనిపోయి, పదిమార్లు అటునిటు మార్చి, కంప్యూటరును నిద్రపుచ్చి లేపి, ప్రతిమారును ఒక ‘క’ వ్రాసి చూడుడు.