రోగి చెట్టు పిలుపు

నొప్పులకు రాసుకునే బామ్ మూత తీయగానే గుప్పుమనే ఘాటు మిథైల్ సాలిసిలేట్‌ది. గ్రీనింగ్ తెగులు సోకిన నిమ్మజాతి చెట్టు కూడా ఈ పదార్థాన్ని మామూలు కన్నా ఎక్కువగా వదులుతుంది. మన ముక్కుకు అందకపోయినా సిల్లా పురుగు దాన్ని పసిగడుతుంది. మూడు మిల్లీమీటర్ల ఈ పురుగే తెగులు బాక్టీరియాను చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. 2012లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు గమనించిందేమంటే, పురుగులు ముందు వాసన పట్టుకుని రోగి చెట్టు మీద వాలతాయి, రసంలో సారం లేదని తేలాక పక్కనున్న మంచి చెట్టుకు మారిపోతాయి. ‘కాయకపోతే పోయింది, ఉండనీ’ అని వదిలేసిన చెట్టు తోటకంతటికీ చేటు తెస్తుంది. 2003-04లో 24 కోట్ల పెట్టెల నారింజ పండించిన ఫ్లోరిడాలో 2005లో తెగులు బయటపడింది. 2023-24 నాటికి దిగుబడి 2 కోట్ల పెట్టెలకు లోపే. తుపాన్ల దెబ్బ కొంత ఉన్నా ప్రధాన కారణం ఈ తెగులే.

తెలంగాణలో బత్తాయి అంటే నల్లగొండే. అయితే ఖమ్మం నుంచి భద్రాచలం అడవి అంచు వరకు నిమ్మ, బత్తాయి వేసేవారు చుట్టుపక్కల చెట్లనూ లెక్కలోకి తీసుకోవాలి. కరివేపాకు, మారేడు, వెలగ నిమ్మ కుటుంబానివే. సిల్లా కరివేపాకు చిగుళ్ల మీద గుడ్లు పెట్టి పెరుగుతుంది. అలాగని కరివేపాకు కనబడ్డచోటల్లా నరకాల్సిన పనిలేదు. అందులో గ్రీనింగ్ బాక్టీరియా నిలవదని బ్రెజిల్ పరిశోధనల్లో తేలింది. అందుకే గట్టున కరివేపాకును ఎర పంటగా వాడవచ్చన్న ఆలోచన పుట్టింది. కాకపోతే అక్కడ చేరిన పురుగును అక్కడే అణచాలి, లేదంటే ఎర పెట్టినచోటే సంతతి పెరుగుతుంది. మిథైల్ సాలిసిలేట్ వాసనకు సిల్లా పిల్ల పురుగులను చంపే టామరిక్సియా అనే బుల్లి కందిరీగ కూడా వస్తుంది. విచ్చలవిడిగా మందు కొడితే ముందు పోయేది ఆ మిత్రుడే.

పురుగును తరిమే వాసనగల మొక్కలు నాటితే సరిపోదా అని అడగవచ్చు. వియత్నాంలోని మెకాంగ్ డెల్టాలో జామ కలిపి వేసిన తోటల్లో సిల్లా తగ్గింది. నలిగిన జామాకు వదిలే గంధకపు వాసన దానికి గిట్టదని ప్రయోగశాలలోనూ తేలింది. అయినా ఫ్లోరిడా తోటల్లో జామ అంతటి రక్షణ ఇవ్వలేదు. గాలి మారితే వాసన చెదురుతుంది. పైగా రోగమున్న అంటుమొక్కతో వచ్చే తెగులును ఏ వాసనా ఆపలేదు. కాబట్టి తెగులు లేని అంటు, కొత్త చిగురు మీద నిఘా, రోగి చెట్టును వెంటనే తీసేయడం ముందు. జామ, కరివేపాకు వాటి తర్వాతే.