సూదిమొన చెప్పే డిజైన్: ఎంబ్రాయిడరీ పోటీకి ఎలా సిద్ధం కావాలి?

చేతికుట్టు తెలిసినవారు ఒక ఎంబ్రాయిడరీ వస్త్రాన్ని చేతిలోకి తీసుకుంటే, కాసేపటికి దానిని తిరగేసి చూస్తారు. ముందువైపు పువ్వులు, నెమళ్లు, అద్దాల మెరుపు ఎవరినైనా ఆకట్టుకుంటాయి. వెనుకవైపు ముడులు, వేలాడే దారపు కొసలు, ఒక బుటా నుంచి మరో బుటాకు అడ్డదిడ్డంగా లాగిన పోగులు మాత్రం కుట్టిన చేతి అనుభవాన్ని దాచలేవు. పోటీలో న్యాయనిర్ణేతలు చూసేదీ ఈ రెండు వైపులనే.

ఎంబ్రాయిడరీ డిజైన్ పోటీలో గెలుపు ఒక బహుమతితో ముగిసిపోదు. ఈ పనిలో ఉన్నవారిలో అధికులు ఇంట్లో కూర్చుని, ముక్కల లెక్కన కూలి తీసుకుని కుట్టే మహిళలు. వారు కుట్టిన వస్త్రం దుకాణానికి చేరేసరికి దానిపై వారి పేరు ఉండదు. పోటీ దరఖాస్తు ఆ పేరును రాయగలిగే అరుదైన కాగితం. అందుకే దానిని శ్రద్ధగా సిద్ధం చేసుకోవడం అవసరం.

ముందుగా నియమావళి

స్వాతంత్ర్యానంతరం హస్తకళల పునరుద్ధరణకు 1952లో అఖిల భారత హస్తకళల మండలి ఏర్పడింది. కమలాదేవి చటోపాధ్యాయ దానికి నాయకత్వం వహించారు. నిపుణులైన హస్తకళాకారులకు జాతీయ పురస్కారాలు 1965లో మొదలయ్యాయి. శిల్ప గురు పురస్కారాలను 2002లో ప్రవేశపెట్టారు. వీటితో పాటు రాష్ట్ర స్థాయి పోటీలు, డిజైన్ విద్యాసంస్థల పోటీలు, ప్రైవేటు సంస్థల పోటీలు కూడా ఉన్నాయి. ఒక్కో పోటీ కోరేది ఒక్కో విధంగా ఉంటుంది. కొన్నింటికి కాగితంపై గీసిన డిజైన్, చిన్న నమూనా చాలు. మరికొన్నింటికి పూర్తయిన వస్త్రమే కావాలి.

విభాగం ఎంపికలో పొరపాటుకు అవకాశం ఎక్కువ. నరసాపురం లేసు ఎంతో సున్నితమైన చేతిపనే అయినా, అది కొక్కెం సూదితో దారాన్ని అల్లే అల్లిక. బట్టపై కుట్టేది కాదు కనుక ఎంబ్రాయిడరీ విభాగంలోకి రాదు. మన ప్రాంతంలో విరివిగా చేసే మగ్గం వర్క్ పేరులో మగ్గం ఉన్నా, అందులో నేత లేదు. చట్రానికి బిగించిన బట్టపై ఆరి సూదితో, మామూలు సూదితో చేసే కుట్టుపని అది. చేతిపనికి ఉద్దేశించిన విభాగానికి యంత్రంపై కుట్టినది పంపకూడదు. పరిమాణం, అంచుల ముగింపు, గడువు తేదీ వంటివి కూడా ఒక కాగితంపై రాసి ఎదురుగా పెట్టుకోవాలి. వస్త్రాన్ని ఆ తేదీకి పంపితే చాలా, లేక ఆ తేదీకి వారికి అందాలా అన్నది ముందే తెలుసుకోవాలి.

కుట్టును బట్టి బొమ్మ

పోటీకి 'నీరు' అనే అంశం ఇచ్చారనుకుందాం. వెంటనే కుండ, అల, చేప, తామర గీసి, ఆ బొమ్మను తెలిసిన కుట్టుతో నింపడం సులభం. అయితే ఏ కుట్టుకైనా తనదైన స్వభావం ఉంటుంది. బొమ్మ ఆ స్వభావం నుంచి పుట్టినప్పుడే డిజైన్‌కు బలం వస్తుంది.

కర్ణాటకలోని ధార్వాడ ప్రాంతపు కసూతిలో బట్టపై ముందుగా బొమ్మ గీసుకోరు. పోగులను లెక్కపెడుతూ నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా కుట్టుకుంటూ పోతారు. గవంతి, ముర్గి అనే కుట్లు రెండు వైపులా ఒకేలా కనిపించాలి. ముడి వేయకూడదు. వంపు తిరిగే అల ఈ పద్ధతిలో ఒదగదు. మెట్లు మెట్లుగా దిగే కోనేరు మాత్రం చక్కగా ఒదుగుతుంది. గోపురం, రథం, తులసికోట వంటి రూపాలు కసూతిలో స్థిరపడటానికి కూడా ఈ గీతల నియమం తోడ్పడింది.

లక్నో చికన్‌కారీ తీరు వేరు. చెక్క అచ్చులతో పలుచని బట్టపై చెరిగిపోయే రంగుతో డిజైన్ అద్ది, దానిపై కుట్టి, చివరికి ఉతికి ఆ రంగును తొలగిస్తారు. ఇందులోని బఖియా కుట్టులో దారం బట్ట వెనుకవైపు నిండి, ముందుకు నీడలా మసకగా కనిపిస్తుంది. నీటి అడుగున ఉన్న ఆకును చూపడానికి ఇంతకంటే తగిన కుట్టు దొరకదు.

పంజాబ్ ఫుల్కారీలో మెలిపెట్టని పట్టుదారంతో, ముతక ఖద్దరుపై, వెనుకవైపు నుంచి పోగులు లెక్కపెట్టి కుడతారు. ఒకే రంగు దారాన్ని ఒకచోట నిలువుగా, మరొకచోట అడ్డంగా పరిస్తే వెలుగు పడినప్పుడు రెండు ఛాయలు కనిపిస్తాయి. నీటిపై ఎండ కదలాడటాన్ని ఆ ఒక్క రంగుతోనే చూపవచ్చు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక తండాల్లోని లంబాడీ మహిళలు ఫేటియా, కాంచళి వంటి తమ దుస్తులపై చేసే కుట్టులో అద్దాలు, గవ్వలు, చతురస్రాలు, త్రికోణాలు ప్రధానం. ఎండిపోయిన చెరువులో అక్కడక్కడ మిగిలిన నీటి గుంటలను చూపాలంటే, ఆ అద్దాలే సరిపోతాయి. నిండుగా కాకుండా, ముదురు బట్టపై ఎడంఎడంగా అమర్చాలి.

సంప్రదాయ కుట్టులో కొత్త డిజైన్ చేసేటప్పుడు ఒక్క అంశాన్నే మార్చడం మంచిది. రూపం కొత్తదైతే రంగులను, కుట్టును పాతవిగానే ఉంచవచ్చు. అన్నీ ఒకేసారి మారితే ఏది సంప్రదాయమో, ఏది మీ ఆలోచనో చూసేవారికి తెలియదు.

చిన్న ముక్కతో పెద్ద లెక్క

గడువులోగా పని పూర్తి కాకపోవడానికి తరచుగా కారణం బద్ధకం కాదు, అంచనా తప్పడం. దీనికి ఒక సులువైన మార్గం ఉంది. అదే బట్టపై, అదే దారంతో 2 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు ఉన్న ముక్కను కుట్టి, పట్టిన సమయం రాసుకోవాలి.

ఆ 4 చదరపు అంగుళాలకు 3 గంటలు పట్టిందనుకుందాం. మీ వస్త్రం 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉంటే మొత్తం 216 చదరపు అంగుళాలు. అందులో సగమే కుట్టుతో నిండుతుందనుకుంటే 108. ఆ లెక్కన 81 గంటలు కావాలి. రోజుకు 4 గంటలు కుట్టగలిగితే సుమారు 21 రోజులు. విప్పి మళ్లీ కుట్టడానికి, ఉతకడానికి, అంచులు కట్టడానికి మరో నాలుగో వంతు కలిపితే 26 రోజులు అవుతాయి. గడువు 20 రోజులే ఉంటే వస్త్రాన్ని చిన్నది చేయాలి. కుట్టును పలుచన చేస్తే పని నాణ్యత పడిపోతుంది.

ఆ చిన్న ముక్క మరో పరీక్షకూ పనికొస్తుంది. తడిపిన తెల్లని నూలుగుడ్డతో దానిని రుద్దితే, దారం రంగు వదులుతోందో లేదో తెలుస్తుంది. ఎర్ర, నల్ల దారాల విషయంలో ఈ జాగ్రత్త తప్పనిసరి. రంగులను పగటి వెలుతురులో ఎంచుకోవాలి. రాత్రి దీపం కింద ఒకేలా కనిపించిన రెండు రంగులు పగలు వేరుగా తేలవచ్చు. పని పూర్తయ్యాక మందపాటి తువ్వాలుపై కుట్టును బోర్లించి, వెనుకవైపు నుంచి ఇస్త్రీ చేస్తే కుట్టు అణగిపోదు. పంపేటప్పుడు మడతలు పెట్టకుండా, మెత్తని నూలుగుడ్డ కలిపి గొట్టానికి చుట్టడం మేలు.

ఫొటోలు, వివరణ

తొలి వడపోత ఫొటోలతోనే జరిగే పోటీలు ఉన్నాయి. ముందువైపు, వెనుకవైపు, దగ్గరగా తీసిన ఒక భాగం, ఈ మూడూ ఉండాలి. దగ్గరి ఫొటోలో కొలబద్ద పెడితే కుట్టు ఎంత సన్ననిదో తెలుస్తుంది. పని మొదలైన రోజు నుంచి వారానికొక ఫొటో తీసి తేదీ రాసుకుంటే, ఆ వస్త్రం ఎవరి చేతిలో తయారైందో చెప్పే సాక్ష్యం అదే అవుతుంది.

వివరణలో అలంకారాలు అక్కర్లేదు. ఈ కుట్టు ఏ ప్రాంతానిది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇందులో మీరు మార్చినదేమిటి, ఎందుకు మార్చారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు చాలు. కసూతి, లక్నో చికన్‌కారీ, ఫుల్కారీ, కచ్ ఎంబ్రాయిడరీ, సండూరు లంబాణీ ఎంబ్రాయిడరీ వంటి వాటికి భౌగోళిక గుర్తింపు ఉంది. అది ప్రాంతంతో ముడిపడిన పేరు. మరోచోట కుట్టినదానికి ఆ పేరు పెట్టకుండా, ఆ కుట్టు నుంచి స్ఫూర్తి పొందినట్లు రాయడం సరైన పద్ధతి.

డిజైన్ ఎవరిది?

తరతరాలుగా వస్తున్న బుటాపై ఎవరూ సొంత హక్కు కోరలేరు. మీరు కొత్తగా రూపొందించినదానికి మాత్రం డిజైన్ల చట్టం, 2000 కింద నమోదు కోరవచ్చు. నమోదైతే తొలుత 10 ఏళ్లు, పొడిగించుకుంటే మరో 5 ఏళ్లు రక్షణ లభిస్తుంది. అయితే దరఖాస్తు చేయకముందే డిజైన్ బహిరంగంగా వెల్లడైతే, కొత్తదనం పోయిందన్న అభ్యంతరం వస్తుంది. కేంద్ర ప్రభుత్వం ఇందుకోసం నోటిఫై చేసిన ప్రదర్శనలకు మినహాయింపు ఉన్నా, ముందుగా అధికారికి తెలియజేసి, ప్రదర్శించిన 6 నెలల్లోగా దరఖాస్తు చేయాలి. అందువల్ల నమోదు చేయించాలనుకుంటే, పోటీకి పంపడానికి ముందే ఆ పని చేయడం క్షేమం. సామాజిక మాధ్యమాల్లో ఫొటో పెట్టడం కూడా బహిరంగపరచడమే.

పోటీ నిబంధనల్లో హక్కుల గురించిన వాక్యాన్ని కూడా జాగ్రత్తగా చదవాలి. ఫొటోలు ప్రచురించుకునే అనుమతి కోరడం వేరు, డిజైన్‌పై హక్కులన్నీ నిర్వాహకులకు చెందుతాయనడం వేరు. రెండోది కనిపిస్తే సంతకానికి ముందు ఆలోచించాలి.

చివరిగా, దరఖాస్తులో పేర్లు. ఒకరు గీసి, మరొకరు అచ్చు వేసి, ఇద్దరు కుట్టి ఉంటే ఆ నలుగురి పేర్లూ, వారు చేసిన పనీ రాయండి. ఒక్క పేరుకే చోటుంటే మిగిలినవి వివరణలో చేర్చండి. బహుమతి వచ్చినా రాకపోయినా, ఆ కాగితం నకలు కుట్టిన ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి. రేపు మరో పోటీకి, రుణానికి, శిక్షకురాలి ఉద్యోగానికి దరఖాస్తు చేసేటప్పుడు, ఈ పని నాదని చెప్పడానికి వారి చేతిలో ఉండే ఆధారం అదే.