చేపలకు పిడుదులు ఏరే చేప

గేదె మీద కాకి వాలి పిడుదులు ఏరుతుంటే, గేదె కదలకుండా చెవి అప్పగించడం మనం రోజూ చూసేదే. సముద్రంలోనూ ఇలాంటి పని చేసే చేప ఒకటుంది. పేరు క్లీనర్ రాస్.

ఇది పగడపు దిబ్బల్లో ఉంటుంది. మన దేశంలో లక్షద్వీప్, అండమాన్ దీవుల దగ్గర కనిపిస్తుంది. పొడవు 14 సెంటీమీటర్లు మించదు. నీలిరంగు ఒంటిపై మూతి నుంచి తోక దాకా నల్లటి చార ఉంటుంది.

ఈ చేప ఒకచోట మకాం వేస్తుంది. పెద్ద చేపలు అక్కడికే వచ్చి నోరు తెరచి నిలబడతాయి. ఇది వాటి నోట్లోకి, మొప్పల్లోకి దూరి నెత్తురు తాగే పురుగులను ఏరి తింటుంది. మింగగల చేపలు కూడా సాధారణంగా దీని జోలికి పోవు. ఒక్కో చేప రోజుకు సుమారు 1,200 పురుగులను తింటుందని ఆస్ట్రేలియాలోని లిజార్డ్ దీవి దగ్గర శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు.

దీని సంసారం మరీ విచిత్రం. ఒక మగచేప కింద కొన్ని ఆడచేపలుంటాయి. మగది పోతే, అన్నిటికన్నా పెద్ద ఆడచేప కొద్ది గంటల్లోనే పెత్తనం చేపడుతుంది. రెండు మూడు వారాల్లో అదే మగదిగా మారిపోతుంది.

అందంగా ఉంటుందని అద్దాల తొట్టెల కోసం దీన్ని పట్టి అమ్ముతున్నారు. తొట్టెలో సరైన తిండి దొరకక చాలా చేపలు చనిపోతాయి. నష్టం అంతటితో ఆగదు. లిజార్డ్ దీవి దగ్గరే కొన్ని చిన్న దిబ్బల నుంచి ఈ చేపలను ఎనిమిదిన్నరేళ్లపాటు తీసేస్తూ వచ్చారు. అక్కడ స్థిరంగా ఉండే చేపల సంఖ్య మిగతా దిబ్బలకన్నా 37 శాతం, వాటి రకాలు 23 శాతం తక్కువగా ఉన్నట్లు 2011లో వెల్లడించారు. వేలెడు చేపే అయినా, దిబ్బలోని చేపలన్నిటికీ దాని అవసరం ఉంది.