షుగర్ ఫ్రీ అంటే అసలేంటి? లంబసింగి చలిలో వేరుశెనగ–బాదం చాక్లెట్ ట్రఫుల్స్

లంబసింగి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశాను. ఈ రోజు మనం చాక్లెట్ ట్రఫుల్స్ చేసుకుందాం. పంచదార లేదు, బెల్లం లేదు, తేనె లేదు, ఖర్జూరం కూడా లేదు. ఓవెన్ అక్కర్లేదు. మా ఊళ్లో చలికాలం అయితే ఫ్రిజ్ కూడా అక్కర్లేదు, అదెలాగో తర్వాత చెప్తా. ఒక మిక్సీ, ఒక మూకుడు, ఒక గిన్నె ఉంటే చాలు.

ముందు ట్రఫుల్ అంటే ఏంటో ఒక్క మాట. ట్రఫుల్ అనేది యూరప్‌లో చెట్ల వేర్ల దగ్గర, మట్టి లోపల పెరిగే ఒక రకం పుట్టగొడుగు. చాక్లెట్ ముద్దని గుండ్రంగా చుట్టి కోకో పొడిలో దొర్లిస్తే, మట్టి అంటుకున్న ఆ పుట్టగొడుగులా కనిపిస్తుంది. అందుకే ఆ పేరు. మన భాషలో చెప్పాలంటే చాక్లెట్ ఉండలు, అంతే. మామూలుగా చాక్లెట్‌నీ క్రీమ్‌నీ కలిపి చేస్తారు. మనం ఆ రెండూ వాడట్లేదు. గింజలే మన క్రీమ్.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఈ వీడియో ఎందుకు చేస్తున్నానంటే, మా అమ్మకి షుగర్ ఉంది. మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరికి ఉండే ఉంటుంది. 2023లో వచ్చిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున, అంటే ప్రీడయాబెటిస్‌లో ఉన్నారు. అంటే ఇది పెద్దవాళ్ల టాపిక్ అని స్క్రోల్ చేసేసేది కాదు.

ఆ మధ్య మా చుట్టాలింట్లో ఒక ఫంక్షన్. అక్కడ "షుగర్ ఫ్రీ స్వీట్, షుగర్ ఉన్నవాళ్లు కూడా తినొచ్చు" అని పంచారు. మా అమ్మ ఎన్ని నెలలుగా నోరు కట్టుకుందో, సంబరంగా నాలుగు తినేసింది. భోజనమయ్యాక రెండు గంటలకి చూస్తే మీటర్‌లో ఎప్పుడూ లేనంత అంకె. కనుక్కుంటే అందులో ఉన్నది ఖర్జూరం, పైన తేనె. పంచదార వేయలేదు, నిజమే. కానీ ఒంట్లోకి వెళ్లింది ఏంటి? చక్కెరే కదా!

ఇదొక్కటీ బాగా గుర్తుపెట్టుకోండి. "పంచదార వేయలేదు" అనేది ఒక మాట. "చక్కెర లేదు" అనేది ఇంకో మాట. "కార్బ్స్ తక్కువ" అనేది మూడో మాట. మూడూ వేరు వేరు.

అంకెలు చూద్దాం. 100 గ్రాముల మెత్తటి ఖర్జూరంలో చక్కెరే సుమారు 65 గ్రాములు. తేనెలో 80 గ్రాముల పైమాటే. బెల్లం అయితే దాదాపు అంతా చక్కెరే. మా ఏజెన్సీలో తేనె అంటే ఒక గౌరవం. గిరిజన సహకార సంస్థ సీసాలో అమ్మే తేనె మాక్కూడా గర్వమే. కానీ తేనె ఎంత స్వచ్ఛమైనదైనా అందులో ఉండేది గ్లూకోజు, ఫ్రక్టోజు. అడవి నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని మన రక్తం అడగదు.

మరి ప్యాకెట్ మీద "షుగర్ ఫ్రీ" అని ఉంటే? మన దేశంలో ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ప్రకారం 100 గ్రాముల పదార్థంలో చక్కెరలు 0.5 గ్రాముకి మించకపోతేనే ఆ మాట రాయాలి. మంచిదే. కానీ ఆ మాట చక్కెర గురించే చెప్తుంది, పిండి గురించి చెప్పదు. షుగర్ ఫ్రీ బిస్కెట్‌లో మైదా ఉంటుంది. మైదా అరిగితే గ్లూకోజే అవుతుంది. ఇంకొకటి, "నో యాడెడ్ షుగర్" అంటే విడిగా చక్కెర కలపలేదని మాత్రమే. పండులోనో, పాలలోనో సహజంగా ఉన్నది అలాగే ఉంటుంది.

షుగర్ ఫ్రీ చాక్లెట్లలో ఎక్కువగా వాడేది మాల్టిటాల్. ఇది చక్కెరంత వేగంగా కాకపోయినా రక్తంలో గ్లూకోజుని కొంత పెంచుతుంది. ఎక్కువ తింటే కడుపు ఉబ్బరం, విరేచనాలు కూడా అవుతాయి. కాబట్టి ఫోన్ కెమెరా తీసి ప్యాకెట్ వెనక వైపు జూమ్ చేయండి. పదార్థాల లిస్టులో బరువు ఎక్కువున్నది ముందు రాయాలి, అది రూల్. మొదటి మూడు పేర్లు చదివితే సగం కథ తెలిసిపోతుంది.

సరే, ఇప్పుడు సరుకులు. స్క్రీన్‌షాట్ తీసుకోండి.

వేయించి పొట్టు తీసిన వేరుశెనగ గుళ్లు 100 గ్రాములు. బాదం 50 గ్రాములు. తీపి లేని కోకో పొడి 40 గ్రాములు, ఇందులో 10 గ్రాములు పైన దొర్లించడానికి పక్కన పెట్టండి. ఎండు కొబ్బరి తురుము 20 గ్రాములు. కొబ్బరి నూనె 40 గ్రాములు, అంటే సుమారు మూడు పెద్ద చెంచాలు. కాఫీ పొడి ఒక చెంచా. ఉప్పు చిటికెడు. తీపికి స్టీవియా.

ఒక్కోదాని గురించి చెప్తా. కోకో పొడి కొనేటప్పుడు "డ్రింకింగ్ చాక్లెట్" అని ఉన్న డబ్బా తీసుకోకండి, అందులో చక్కెర బాగా ఉంటుంది. లిస్టులో కోకో తప్ప తీపి పేరేదీ ఉండకూడదు. షాపులో "డార్క్ కాంపౌండ్" బార్ చవగ్గా దొరుకుతుంది. డార్క్ అన్నారని మోసపోవద్దు. అందులో కోకో వెన్నకి బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది, చక్కెర దండిగా ఉంటుంది. ఇంకో మాట, దేశంలో కోకో పంటలో మన ఆంధ్రప్రదేశే ముందుంది. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల్లో, ఆయిల్ పామ్ తోటల్లో అంతర పంటగా వేస్తారు. కింద గోదావరి వైపు కోకో, ఇక్కడ కొండ మీద సిల్వర్ ఓక్ నీడలో కాఫీ. రెండూ మన నేల మీదవే.

గింజల్లో జీడిపప్పు ఎందుకు వేయలేదు? 100 గ్రాముల జీడిపప్పులో కార్బ్స్ సుమారు 30 గ్రాములు, పీచు మూడే. బాదంలో కార్బ్స్ 21, అందులో పీచే 12. వేరుశెనగలో 16కి 8. పీచు అరిగి గ్లూకోజు అవ్వదు కాబట్టి దాన్ని తీసేసి లెక్క వేసుకుంటాం. పైగా వేరుశెనగ జేబుకి తేలిక. అన్నీ బాదం వేయాలంటే ఇంట్లో తిడతారు! గుళ్లు ఏరేటప్పుడు మాత్రం జాగ్రత్త. మా దగ్గర వానాకాలం, మంచుకాలం తేమ ఎక్కువ. నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు వాసన వచ్చేవి తీసి పారేయండి. బూజులో అఫ్లటాక్సిన్ అనే విషం ఉండొచ్చు. అది కాలేయానికి చెడ్డది, వేయించినా పూర్తిగా పోదు.

స్టీవియా అంటే ఒక మొక్క ఆకు నుంచి తీసిన తీపి. శుద్ధి చేసిన సారం పంచదార కంటే 200 రెట్లు, ఇంకా ఎక్కువ కూడా తియ్యగా ఉంటుంది. అందుకే ప్యాకెట్లలో ఏదో ఒకటి కలిపి బరువు పెంచుతారు. ఆ కలిపింది మాల్టోడెక్స్ట్రిన్, డెక్స్ట్రోజ్ అయితే మళ్లీ మొదటికొచ్చినట్టే. ఎరిత్రిటాల్ కలిపినవి కూడా ఉంటాయి. ఎరిత్రిటాల్ గ్లూకోజుని పెంచదు. కానీ 2023లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన ఒక పరిశోధనలో, రక్తంలో ఎరిత్రిటాల్ ఎక్కువున్నవాళ్లలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువ కనిపించాయి. కారణం అదేనని తేలలేదు, మన శరీరం కూడా దాన్ని కొంచెం తయారు చేస్తుంది. అయినా ఇంట్లో గుండె జబ్బు ఉన్నవాళ్లుంటే డాక్టర్‌ని ఒక మాట అడగండి.

ఇప్పుడు తయారీ. చిన్న మంట మీద మూకుట్లో బాదం వేయించండి, గుళ్లు కూడా ఒకసారి వెచ్చబెట్టండి. వెచ్చగా ఉన్నప్పుడే మిక్సీలో వేయాలి. చలికి గింజలు చల్లబడితే నూనె వదలవు, ఎంత తిప్పినా పొడే వస్తుంది. ఆపి ఆపి తిప్పండి. ముందు పొడి అవుతుంది, తర్వాత గోడలకి అంటుకుంటుంది, ఆ తర్వాత నూనె వదిలి ముద్దవుతుంది. మధ్యలో చెంచాతో కిందకి తోయండి. మిక్సీ వేడెక్కితే రెండు నిమిషాలు ఆపండి.

పక్కన కొబ్బరి నూనె కరిగించి, కాఫీ పొడి వేసి, స్టవ్ ఆపి పది నిమిషాలు మూత పెట్టండి. కాఫీ వాసన నూనెలోకి దిగుతుంది. పలుచటి గుడ్డలో వడకట్టేయండి. డికాక్షన్ పొయ్యకూడదా అంటే, వద్దు. ఈ ముద్దలోకి నీళ్లు వెళ్తే కోకో పొడి ఆ నీళ్లు పీల్చుకుని గడ్డలు కడుతుంది, నూనె వేరైపోతుంది. త్వరగా పాడవుతుంది కూడా. గిన్నె, చెంచా, చేతులు, అన్నీ పొడిగా ఉండాలి.

వడకట్టిన నూనెని మళ్లీ సన్న సెగ మీద పెట్టి 30 గ్రాముల కోకో పొడి వేసి ఒక్క నిమిషం కలపండి, పచ్చి వాసన పోతుంది. దించేసి ఉప్పు, స్టీవియా వేయండి. స్టీవియా ఎంత? ప్యాకెట్ మీద "ఇంత వేస్తే ఒక చెంచా పంచదారకి సమానం" అని ఉంటుంది. ఆరు చెంచాలకి సరిపడా వేసి రుచి చూడండి. ఎక్కువైతే నాలుక చివర చేదు తగులుతుంది. కోకో, కాఫీ రెండూ చేదువే కాబట్టి కొంచెం అందులో కలిసిపోతుంది. ఉప్పు కూడా ఆ చేదుని తగ్గిస్తుంది. ఇప్పుడు గింజల ముద్ద, కొబ్బరి తురుము వేసి కలిపేయండి.

ఈ ముద్ద వేడిగా ఉన్నప్పుడు జారుగా ఉంటుంది, కంగారుపడకండి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. లంబసింగిలో డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున ఒకంకె డిగ్రీలే ఉంటాయి. మా ఇంట్లో తలనూనె సీసా పొయ్యి దగ్గర పెడితే గానీ కరగదు! అందుకే ఇక్కడ గిన్నె మీద మూత పెట్టి అరగంట వదిలేస్తే చాలు. కింద నర్సీపట్నంలోనో, విశాఖలోనో ఉన్నవాళ్లు ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ముద్ద గట్టిపడ్డాక 20 ఉండలు చుట్టి, కోకో పొడిలో దొర్లించండి. వేయించిన నువ్వుల్లో గానీ, మా వైపు పండే వలిసెల్లో గానీ దొర్లించినా బాగుంటుంది. ఉండ పగిలితే అర చెంచా నూనె కలపండి. చేతికి అంటుకుంటే ఇంకాసేపు చల్లారనివ్వండి. ఘాట్ దిగి ఎవరికైనా పట్టుకెళ్తే మాత్రం దారిలోనే మెత్తబడిపోతాయి, చూసుకోండి. గాలి దూరని డబ్బాలో చల్లగా ఉంచితే వారం రోజులు నిలుస్తాయి.

ఇప్పుడు లెక్క. మొత్తం 20 ఉండల్లో కార్బ్స్ సుమారు 54 గ్రాములు. పీచు తీసేస్తే 22 దగ్గర. అంటే ఒక్కో ఉండకి గ్రాము చిల్లర. అదే 100 గ్రాముల ఖర్జూరం వేసి చేసుంటే ఒక్కో ఉండకి ఇంకో మూడు గ్రాముల పైన చక్కెర వచ్చి చేరేది. నాలుగు తింటే 13 గ్రాములు, అంటే మూడు చెంచాల పంచదార. మా అమ్మ మీటర్ ఎందుకు ఎగిరిందో ఇప్పుడర్థమైందా?

కానీ కార్బ్స్ తక్కువ అంటే ఎన్నైనా తినొచ్చని కాదు. ఒక్కో ఉండలో సుమారు 75 కేలరీలు, ఎక్కువ భాగం కొవ్వు నుంచే. కొబ్బరి నూనెలో సంతృప్త కొవ్వు ఎక్కువ. మా ఇంట్లో రోజుకి రెండు, అంతే. బరువు తగ్గడానికి ఇలాంటి చక్కెరేతర తీపుల మీద ఆధారపడొద్దని 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా చెప్పింది. ఆ సలహా అప్పటికే మధుమేహం ఉన్నవాళ్లని ఉద్దేశించింది కాదు, అయినా మనలాంటి కుర్రాళ్లు వినాల్సిన మాటే. వేరుశెనగ, బాదం పడనివాళ్లుంటే వాళ్లకి అసలు ఇవ్వకండి.

చివరిగా, ఇది చాలా ముఖ్యం. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకి ఒక్కోసారి షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, మాట తడబడటం. మీటర్‌లో 70 కంటే తక్కువ. అప్పుడు కంగారులో "చాక్లెట్ పెట్టు, చాక్లెట్ పెట్టు" అంటాం. ఆ సమయంలో ఈ ఉండలు ఎందుకూ పనికిరావు. చక్కెర లేదు, ఉన్న కొవ్వు అరుగుదలని ఇంకా ఆలస్యం చేస్తుంది. మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి. మా కొండ ఊళ్లలో అంబులెన్స్ ఘాట్ ఎక్కి రావాలి, కొన్ని చోట్ల సిగ్నల్ కోసం గుట్ట ఎక్కాలి. ఆ పావుగంట ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంటుంది.

అందుకే ఈ డబ్బా మీద పెద్ద అక్షరాలతో "చక్కెర లేదు" అని రాసి అంటించండి. దాని పక్కనే ఒక చిన్న సీసాలో నిజం పంచదార పెట్టండి. ఏది ఎప్పుడు ఇవ్వాలో ఇంట్లో చిన్నపిల్లలకి కూడా చెప్పి ఉంచండి. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లున్న ఒక్క ఫ్రెండ్‌కి ఈ ఎపిసోడ్ పంపించండి.