నిప్పు నిలవని బట్ట

భిలాయి పట్టణంలోని స్మృతి నగర్‌లో ఏ సాయంకాలమైనా ఇళ్ళ వెనుక దండేల వైపు చూస్తే, చీరల నడుమ, పిల్లల యూనిఫారాల నడుమ ఒక ముతక కోటు వేలాడుతూ కనిపించవచ్చు. చేతుల మీద అక్కడక్కడ నల్లని చుక్కలు. అవి సిరా మరకలు కావు. కరిగిన ఇనుపబొట్టు వచ్చి తాకి, క్షణకాలం తడబడి, కిందికి జారిపోయిన చోట్లు అవి.

సోవియట్ సహకారంతో నిర్మించిన భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులతో పాటు ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో అక్కడ స్థిరపడ్డాయి. ఫర్నేసు నుంచి వెలువడే ఇనుము వేడి దాదాపు 1500 డిగ్రీల సెంటీగ్రేడు. దానికీ మనిషి చర్మానికీ అడ్డుగా నిలిచేది మిల్లీమీటరు మందమైనా లేని బట్ట.

ఆ బట్టకు ఉండవలసిన మొదటి గుణం మండకపోవడం. మంట నిలవాలంటే ప్రాణవాయువు కావాలి. మామూలు నూలుబట్టకు 18 శాతం చాలు. మనం పీల్చే గాలిలో ఉన్నది 21 శాతం. పొయ్యి దగ్గర కొంగు అంటుకుంటే ఆరకపోవడానికి కారణం ఇదే. ఉన్నికి సుమారు 25 శాతం కావాలి కనుక అది రాజుకున్నా త్వరగానే ఆరిపోతుంది.

నూలుకు ఉన్ని స్వభావం నేర్పాలన్న ప్రయత్నం పాతదే. 1821లో ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త గే-లుసాక్, పద్దెనిమిదవ లూయీ రాజు కోరికపై, నాటకశాలల తెరలు అంటుకోకుండా అమ్మోనియం లవణాలనూ వెలిగారాన్నీ పట్టించే పద్ధతిని ప్రకటించాడు. తెరలకు అది చాలు, వాటిని ఎవరు ఉతుకుతారు? చెమటతో తడిసే కోటు సంగతి వేరు; నీళ్ళలో ముంచగానే లవణాలన్నీ కరిగిపోతాయి. ఈ చిక్కును 1950ల నాటి భాస్వర రసాయనాలు విడదీశాయి. బట్టను ఆ ద్రావణంలో ముంచి, అమ్మోనియా వాయువు తగిలిస్తే భాస్వర పదార్థం నూలుపోగు లోపలే గట్టిపడి కూర్చుంటుంది. మామూలు నూలు కాగినపుడు మండే వాయువులు పుడతాయి. భాస్వరం ఉన్న నూలు మాత్రం చాలావరకు నీటి ఆవిరిగా, నల్లని బొగ్గుపొరగా మారుతుంది. మంటకు మేత దొరకదు.

అయితే మండకపోవడం ఉక్కు కార్మికుడికి సగం రక్షణే. 1960లలో వెలువడిన నోమెక్స్ వంటి అరమిడ్ నారలు మంటను చక్కగా తట్టుకుంటాయి. వాటితో కుట్టిన దుస్తులు విమాన చోదకులనూ, మోటారు పందెగాళ్ళనూ కాపాడాయి. కాని కరిగిన లోహం వాటికి అంటుకొనే ప్రమాదముంది. బట్ట మండదు, అంటుకున్న లోహం మాత్రం కింది చర్మాన్ని కాలుస్తూనే ఉంటుంది. అక్కడ ఖరీదైన నోమెక్స్ కన్నా భాస్వరం పట్టించిన బరువైన నూలుబట్టో, ఉన్నిబట్టో మేలు.

దీనిని తేల్చే పరీక్ష చూడదగినది. ఏటవాలుగా బిగించిన బట్ట కింద చర్మానికి బదులుగా పలుచని ప్లాస్టిక్ పొరను పరచి, 1400 డిగ్రీల ఇనుమును పైనుంచి పోస్తారు. పొరకు గాయమైతే బట్ట ఓడినట్టే. 60 గ్రాముల ఇనుమును తట్టుకుంటే అంతర్జాతీయ ప్రమాణంలో మొదటి శ్రేణి. 200 గ్రాములకు తట్టుకుంటే మూడవ శ్రేణి, అదే అత్యున్నతం.

నేతగాడి పనితనం ఇక్కడే తెలుస్తుంది. పడుగూ పేకా బిగువుగా కలిసి, పైతలం నున్నగా ఉండాలి. వదులు నేతలో బొట్టు చిక్కుకుంటుంది. దర్జీకీ నియమాలున్నాయి. జేబులకు మూత ఉండాలి, ప్యాంటు అంచు పైకి మడవరాదు. మడత అంటే నిప్పును పట్టే దోసిలి.

బట్టను ఇంకా మందంగా నేస్తే సరిపోదా? భిలాయి ఎండలు 45 డిగ్రీలు తాకుతాయి. ఫర్నేసు ముందు నిలిచినవాడి ఒంటి వేడి బయటికి పోయే దారి చెమట ఒక్కటే. ఆ దారి మూస్తే మనిషి సొమ్మసిల్లుతాడు. లేదా, ఎక్కువగా జరిగేది ఇదే, కాలరు గుండీ విప్పుకుంటాడు. గుండీ విప్పిన కోటు మెడను కాపాడదు. కనుక రూపకర్తలు గ్రాములు లెక్కపెట్టి బరువు నిర్ణయిస్తారు.

బట్టకు హద్దులూ ఉన్నాయి. 2018 అక్టోబరు 9న భిలాయి కర్మాగారంలో కోక్ ఓవెన్ల వద్ద గ్యాసు గొట్టంలో పేలుడు సంభవించి పదిమందికి పైగా కార్మికులు మరణించారు. అటువంటి మంటలో మంచి కోటైనా ఇవ్వగలిగేది కొన్ని క్షణాలు. ఆ క్షణాల్లో పరుగెత్తడానికి దారి ఉండాలి.

ఇక దండెం మీది కోటు దగ్గరికి వద్దాం. దానికి అసలు ప్రమాదం ఇంటి పెరట్లో పొంచి ఉంటుంది. మామూలు సబ్బు, కఠినమైన బోరునీరు కలిస్తే తెల్లని తెట్టు పోగులకు పట్టుకుంటుంది. ఆ తెట్టుకు నిప్పు అంటుకుంటుంది. బ్లీచింగు పొడి భాస్వరపు కూర్పునే చెరుపుతుంది. ఇల్లాలు ఎంతో శ్రద్ధగా తెల్లబరచిన కోటు కంటికి శుభ్రంగా కనబడుతూనే మళ్ళీ మామూలు నూలుగా మారవచ్చు. డిటర్జెంటుతో ఉతికి, మంచినీటిలో బాగా జాడిస్తే చాలు.

చిరుగు పడితే ఇంట్లో ఉన్న దారంతో కుట్టడమూ కూడదు. పాలియెస్టరు దారం 260 డిగ్రీల దగ్గర కరిగి, కుట్టు విడిపోతుంది. ఇటువంటి కోట్లను కుట్టడానికి తరచు వాడేది అరమిడ్ దారమే. కరిగిన ఇనుము ముందు బట్టగా నిలవలేకపోయిన ఆ నార, కోటును పట్టి ఉంచే కుట్టుగా తిరిగి వచ్చింది.