సీటు విప్పాకే రేటు

సీట్ వర్క్స్ షాపుకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది ఒకటే: "మాస్టారూ, ఈ రెక్సిన్ మీటరెంత?" శాంపిల్ పుస్తకం తిరగేసి రంగు చూసుకుంటారు, వేలితో నొక్కి మెత్తదనం చూసుకుంటారు, మీటరు ధరను సీటు సైజుతో మనసులోనే గుణించుకుని బేరం మొదలుపెడతారు. వాళ్ల తప్పేమీ లేదు, కంటికి కనబడేది అదే. కానీ మూడేళ్లకు ఆ సీటు కుంగుతుందా, కుట్లు విడుతుందా, కంపు కొడుతుందా అన్నది తేల్చేవి స్పాంజి, దారం, పిన్నులు, అడుగు చెక్క. అవేవీ శాంపిల్ పుస్తకంలో ఉండవు. కారు సీటు, ఆటో సీటు, బైకు సీటు, పడవ సీటు అన్నీ ఒకే మిషను మీద కుట్టే చిన్న షాపు నిలబడేదీ, నష్టపోయేదీ ఈ కనబడని సరుకు లెక్క దగ్గరే.

అలాగని రెక్సిన్‌ను తీసిపారేయడానికి లేదు. ఇవాళ మనం కొనేది పీవీసీ పూత పూసిన గుడ్డ. పీవీసీకి సొంతంగా మెత్తదనం లేదు. ఇంటి గోడకు బిగించే నీళ్ల పైపు కూడా పీవీసీయే. 1926లో అమెరికాలో బీఎఫ్ గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేసే వాల్డో సీమన్ దాన్ని నూనెలాంటి ద్రవాలతో కలిపి మెత్తబరిచే దారి కనిపెట్టాడు. ఆ ద్రవాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. అది పీవీసీలో గట్టిగా అతుక్కుని ఉండదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుందంతే. వేడి తగిలినకొద్దీ మెల్లగా బయటికి వచ్చేస్తుంది. మే నెలలో విజయవాడలో అద్దాలు బిగించి ఎండలో నిలిపిన కారు లోపల అరవై డిగ్రీలు దాటడం మామూలే. కొత్త కారు ముందు అద్దానికి లోపలివైపు పట్టే జిడ్డు పొరలో ఈ నూనెదీ వాటా ఉంది. అది పోయినకొద్దీ రెక్సిన్ బిరుసెక్కి, మడత పడేచోట పగులుతుంది.

కారులో సీటు ముందుగా పోయేది ఎక్కడో చెప్పడానికి సీటు చూడక్కర్లేదు. మన దేశంలో అది డ్రైవరు సీటు కుడి అంచు. ఎక్కినప్పుడల్లా, దిగినప్పుడల్లా ఒళ్లంతా ఆ అంచు మీదుగా జారుతుంది. ప్యాంటు జేబులోని తాళాలు గీస్తాయి. మిగతా సీటు కొత్తదానిలా ఉంటుంది, ఆ ఒక్క పట్టీ మాత్రం చిరిగి స్పాంజి బయటపడుతుంది. రెడీమేడ్ కవర్లు అమ్మేవాళ్లు దీనికి మొత్తం సెట్టు కొనమంటారు. చిన్న షాపు బలం ఇక్కడే ఉంది: ఆ ఒక్క పట్టీని విప్పి మార్చగలదు. చిక్కల్లా రంగుది. పాత రెక్సిన్ ఎండకు వెలిసిపోయి ఉంటుంది కాబట్టి అదే నంబరు తెచ్చినా కలవదు. తెలిసిన మాస్టర్లు కలపడానికి ప్రయత్నించరు. ముందు సీట్లు రెండింటికీ రెండువైపులా అంచులు మార్చేసి, కాస్త ముదురు రంగు వేస్తారు. అతుకు కాస్తా డిజైన్ అయి కూర్చుంటుంది.

విప్పడం కూడా పనే. సీటు అడుగున తీగకు పట్టించిన ఇనుప రింగులు కత్తిరించి, కవరు ఊడదీసి, కుట్లు ఒక్కొక్కటే కోసి ముక్కలుగా విడగొడతారు. ప్రతి ముక్క వెనక సుద్దతో నంబరు, పైకి ఏవైపో చూపే బాణం గుర్తు, పక్క ముక్కతో ఎక్కడ కలుస్తుందో చూపే గాట్లు. ఆ పాత ముక్కలే కొత్త కవరుకు ఫర్మా. రెక్సిన్ పన్నా మామూలుగా 54 అంగుళాలు, అంటే 137 సెంటీమీటర్లు. వెనకగుడ్డ నేత వల్ల అది ఒకవైపు ఎక్కువ సాగుతుంది, ఇంకోవైపు తక్కువ. సరుకు మిగులుతుందని ముక్కల్ని ఎటుపడితే అటు తిప్పి పరిచారో, ఒకే సీటులో ఎడమ అంచు బిగుతుగా, కుడి అంచు వదులుగా తయారవుతుంది. అర మీటరు మిగిల్చి రోజంతా పోగొట్టుకోవడం ఇలాగే.

కుట్టేటప్పుడు ఇంకో ఇబ్బంది. గుడ్డలో కుట్టు తప్పు పడితే విప్పి మళ్లీ వేయొచ్చు. రెక్సిన్‌లో సూది గుచ్చిన కన్నం కన్నంగానే ఉండిపోతుంది. కుట్లు మరీ దగ్గరగా వేసినా ప్రమాదమే. అంగుళానికి ఆరు కుట్ల చుట్టుపక్కల ఉంటే సరిపోతుంది. గట్టిగా ఉంటుందని పది, పన్నెండు వేస్తే పోస్టల్ స్టాంపుల షీటులాగా ఆ వరుస వెంబడే చిరుగుతుంది. ఇంట్లో బట్టలు కుట్టే మిషను ఇక్కడ పనికిరాదు. దానిలో కింది పళ్లు మాత్రమే గుడ్డను జరుపుతాయి కాబట్టి అడుగు పొర ముందుకు పోతుంది, జిగటగా ఉండే పై పొర ఆగిపోతుంది. వాకింగ్ ఫుట్ మిషనులో కింది పళ్లు, సూది, పై ఫుట్ మూడూ కలిసి అడుగు వేస్తాయి. షాపు పెట్టేవాళ్లు బోర్డు మీద, ఏసీ గది మీద పెట్టే డబ్బు ముందు దీని మీద పెట్టాలని నా గట్టి అభిప్రాయం. సెకండ్ హ్యాండ్‌ది అయినా ఫరవాలేదు.

స్పాంజి దగ్గరికి వద్దాం. కారు సీట్లలో ఒకప్పుడు స్ప్రింగులు, గుర్రపు వెంట్రుకలు, కొబ్బరి పీచు ఉండేవి. పాలియురేథేన్‌ను 1937లో జర్మనీలో ఓట్టో బేయర్ బృందం తయారుచేసింది. మెత్తని ఫోమ్ రూపంలో అది బజారుకెక్కింది 1950లలో. దీన్ని బొటనవేలితో నొక్కి కొనేవాళ్లంతా మోసపోతారు. గట్టిదనం వేరు, సాంద్రత వేరు. సాంద్రత అంటే ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్నది. బజారులో 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అంటారే, అది. సాంద్రత తక్కువ ఫోమ్‌ను కూడా గట్టిగా తయారుచేయొచ్చు. కొన్నరోజు బాగానే ఉంటుంది, ఆరు నెలలకు పిరుదుల కింద గుంట పడుతుంది. తూకం వేసి కొందామంటే దానికీ మందుంది: బరువు పెరగడానికి ఫోమ్‌లో సుద్దపొడి కలిపేవాళ్లూ ఉన్నారు. నమ్మకమైన సప్లయరు దొరికితే రూపాయి ఎక్కువైనా వదులుకోకూడదని మాస్టర్లు అనేది ఇందుకే.

ఇదంతా తెలిసిన మంచి కారు మాస్టరు కూడా పడవ సీటు చేతికి రాగానే తప్పటడుగు వేస్తాడు. భవానీ ద్వీపానికి తిరిగే బోట్లు, పాపికొండలు చూపించే లాంచీలు, హుస్సేన్‌సాగర్ మీద, నాగార్జునసాగర్‌లో తిరిగే బోట్లు, విశాఖ బీచ్‌లో సరదాగా తిప్పేవి అన్నింటిలోనూ సీట్లుంటాయి, ఏదో ఒకరోజు అవీ చిరుగుతాయి. కారు అలవాటుతో అతను ఆలోచించేది, నీళ్లు లోపలికి పోకుండా ఎలా ఆపాలని. మందమైన రెక్సిన్ తెస్తాడు, అడుగున కూడా రెక్సినే వేసి నాలుగువైపులా మూసేస్తాడు. కానీ నీళ్లు ఆగవు. అంగుళానికి ఆరు కుట్ల లెక్కన అయిదడుగుల కుట్టులో 360 కన్నాలుంటాయి. పైన మనిషి కూర్చుని లేచినప్పుడల్లా స్పాంజి గాలి వదిలి మళ్లీ పీలుస్తుంది, ఆ పీల్పుతో కన్నాల్లోంచి నీళ్లూ లోపలికి పోతాయి. బయటికి వచ్చే దారి మాత్రం ఉండదు.

లెక్క వేసి చూడండి. మీటరు పొడవు, అర మీటరు వెడల్పు, పది సెంటీమీటర్ల మందం ఉన్న 32 డెన్సిటీ స్పాంజి ముక్క బరువు 1.6 కిలోలు. అందులో దాదాపు అంతా ఖాళీయే కాబట్టి సగం తడిసినా పాతిక కిలోలవుతుంది. అలాంటివి ఒక బోటులో ఎన్ని ఉంటాయి! ఆ తడిలో బూజు పుడుతుంది. కొన్ని సూక్ష్మజీవులు గులాబీ రంగు పదార్థాన్ని వదులుతాయి. అది రెక్సిన్‌లోని ప్లాస్టిసైజర్‌లో కరిగి లోపలినుంచి పైకి వస్తుంది. తెల్ల సీటు మీద గులాబీ మరకలు కనబడితే ఎవరో పళ్లరసం ఒలకబోశారనుకుని సబ్బుతో తోముతారు. ఎంత తోమినా పోదు, ఎందుకంటే మరక పైన లేదు.

అందువల్ల పడవ పనిలో నీళ్లను ఆపడం కన్నా వెళ్లనివ్వడం ముఖ్యం. కూర్చునేచోట వేయడానికి పెద్ద రంధ్రాలున్న ఫోమ్ దొరుకుతుంది. దానిలో అరల మధ్య పొరలు తీసేసి ఉంటాయి కాబట్టి పైన పోసిన నీళ్లు నేరుగా కిందికి దిగిపోతాయి. అడుగున రెక్సిన్ బదులు జాలీ గుడ్డ. చెక్కకు అక్కడక్కడా కన్నాలు. ఆ చెక్క ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లైవుడ్ అయి ఉండాలి, కోసిన అంచులకూ కన్నాల లోపలికీ పూత పట్టించాలి. ప్లైవుడ్ కుళ్లు మొదలయ్యేది అంచునుంచే. వీపు ఆనే భాగంలో నీళ్లు పీల్చని మూసిన అరల ఫోమ్ వాడొచ్చు, కూర్చోవడానికి మాత్రం అది బల్లమీద కూర్చున్నట్టే ఉంటుంది.

దారం సంగతి ఇంకా తమాషా. బలంలో నైలాన్ దారం మేటి, కారు లోపల బాగా పనిచేస్తుంది. ఎండలో నేరుగా ఉండే బోటులో మాత్రం అది త్వరగా చివికిపోతుంది; అక్కడ పాలియెస్టర్ దారం ఎక్కువకాలం నిలుస్తుంది. పీటీఎఫ్ఈ దారాన్ని ఎండ అసలు ఏమీ చేయలేదు, ధర వింటే గుండె ఆగుతుంది. "రెక్సిన్ కొత్తదానిలా ఉంది, కుట్లే ఊడిపోయాయి" అని బోటువాళ్లు తిట్టేది చాలాసార్లు ఈ దారం తేడా వల్లే. పిన్నులదీ అదే కథ. గాల్వనైజ్డ్ పిన్ను ఉప్పుగాలికి తుప్పు పట్టి తెగితే కవరు అంచు ఊడి వేలాడుతుంది. గోదావరి, కృష్ణ మీద 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు చాలు. సముద్రం మీదైతే 316 కావాలి. దానిలో రెండు మూడు శాతం మాలిబ్డినం ఉంటుంది, ఉప్పు తినేయకుండా కాపాడేది అదే. ఒక సీటుకు పిన్నుల ఖర్చు తేడా చాలా తక్కువ. అది మిగుల్చుకోవాలనుకునే మనస్తత్వం మాత్రం షాపును ముంచుతుంది.

కార్ల వైపు కొత్తగా వచ్చిన జాగ్రత్త ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఇప్పటి కార్లలో పక్కనుంచి కాపాడే ఎయిర్‌బ్యాగు చాలావాటికి ముందు సీటు వీపులోనే, తలుపు వైపు అంచులో ఉంటుంది. గుద్దుకున్నప్పుడు సెకనును వంద భాగాలు చేస్తే అందులో ఒకటి రెండు భాగాల్లోనే అది కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. దాని మీద బిగుతుగా మామూలు కవరు తొడిగితే ఆ దారి మూసినట్టే. కంపెనీ ఆ కుట్టుకు వేరే దారం, వేరే లెక్క వాడుతుంది. మన మిషను మీద దాన్ని అలాగే వేయగలమన్న హామీ లేదు. ఆ అంచును ముట్టుకోకుండా వదిలేయడమే మంచిది. సీటు కింద పసుపు రంగు కనెక్టరు కనబడితే బ్యాటరీ తీగ తీసి కాసేపు ఆగాకే దాన్ని ఊడదీయాలి. "పక్క షాపులో వేసిచ్చారండీ" అని కస్టమరు అంటే, అక్కడే వేయించుకోమని చెప్పడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇక డబ్బు. షాపులు దెబ్బతినేది పని రాక అనుకుంటాం, చాలావరకు గంటల లెక్క తప్పడం వల్ల. ఉదాహరణకు అద్దె 15 వేలు, సహాయకుడి జీతం 15 వేలు, కరెంటు, సూదులు, సొల్యూషన్ వగైరా 5 వేలు, యజమాని ఇంటికి తీసుకెళ్లాల్సింది 30 వేలు అనుకుందాం; నెలకు 65 వేలు. పాతిక రోజులు, రోజుకు ఎనిమిది గంటలు అంటే 200 గంటలు. గంటకు 325 రూపాయలు కూలి పడితే చాలనిపిస్తుంది. కానీ సరుకుకు వెళ్లడం, ఫోన్లో రేట్లు చెప్పడం, బండి చూసి పోయేవాళ్లతో మాట్లాడటం, తప్పు కుట్టు విప్పడం, వీటికెవరూ డబ్బివ్వరు. డబ్బు పడే గంటలు 120 ఉంటే గొప్ప. అప్పుడు కూలి గంటకు 540 దాటాలి. ఈ తేడా తెలియకుండా, "మీరెంతిచ్చినా ఫరవాలేదండీ" అనే మాస్టర్లు చేతినిండా పని ఉండి కూడా అప్పుల్లో ఉంటారు. బైకు సీట్లు ఈ మధ్య ఊపిరి: కస్టమరు టీ తాగి వచ్చేలోపు కవరు మారుతుంది, డబ్బు చేతిలో పడుతుంది, బండి షాపు ముందు జాగా తినదు.

బోటు పనికి ఋతువుంది. గోదావరికి వరద వస్తే పాపికొండల లాంచీలు ఆగుతాయి, సీట్లు విప్పి తెచ్చేది అప్పుడే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా చేపల వేట నిషేధం. విశాఖ, కాకినాడ రేవుల్లో మరబోట్లు రిపేరుకు వచ్చేది ఆ రెండు నెలల్లో. వాటిలో కుషన్ పని తక్కువ, టార్పాలిన్ పని ఎక్కువ. అయితే బోట్ల మీదే బతకాలనుకోవడం ప్రమాదం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన లాంచీ ప్రమాదం తర్వాత గోదావరి మీద విహార లాంచీలు చాలాకాలం తిరగలేదు. అలాంటి ఏడాది షాపును నడిపేది ఆటో సీట్లు, బైకు సీట్లు, ట్రావెల్స్ కార్ల కవర్లే.

రేటు ఎప్పుడు చెప్పాలన్నదే మిగిలింది. పైనుంచి చూసి ఒకే అంకె చెప్పినవాడు లోపల కుళ్లిన చెక్క బయటపడ్డాక నోరు మూసుకుని సొంత డబ్బుతో మార్చాలి, లేదా రేటు పెంచి మాట పడాలి. రెండు అంకెలు చెప్పడం నయం: కవరుకు ఇంత అని ఖాయంగా, లోపలిది విప్పాక ఫోటో పంపి మీరు సరేనన్నాకే అని. సరుకుకు సరిపడా అడ్వాన్సు ముందే తీసుకోవాలి, ఒకరి కోసం కోసిన రెక్సిన్ ఇంకొకరికి పనికిరాదు కదా. బోటువాళ్లలో కొందరు "స్పాంజి పాతదే ఉండనీ, పైన మంచిది వేసెయ్ చాలు" అంటారు. తడిసిన స్పాంజి మీద ఎంత ఖరీదైన రెక్సిన్ వేసినా ఏడాది తిరక్కముందే కుట్లు ఊడి, గులాబీ మరకలతో వెనక్కి వస్తుంది. అప్పుడు స్పాంజి ఉంచమన్నది ఎవరో ఎవరికీ గుర్తుండదు, కుట్టిన షాపు పేరే గుర్తుంటుంది. ఆ ఆర్డరు వదులుకోవాలి.